ఆపేసిన కార్డు

ల్యాప్‌టాప్ తెర పోయింది బుధవారం నాడు. శుక్రవారం సాయంత్రానికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడటం లేదు. ప్రతి మాటా నా మీదుగా వెళుతోంది.

నేను బడి నుంచి వచ్చేసరికి ముందుగదిలో ముగ్గురూ ఉన్నారు. నా మరదలు, పెద్ద తమ్ముడి భార్య, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. చిన్న తమ్ముడు కిటికీ దగ్గర ఫోను చూసుకుంటున్నాడు. అమ్మ సోఫా చివర కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ పెడుతోంది.

బల్ల మీద ల్యాప్‌టాప్ సంచి ఉంది. రిపేరు షాపువాడు కట్టిన చీటీ ఇంకా దాని పిడికి వేలాడుతోంది.

"ఏమన్నాడు?" అన్నాను.

"బోర్డు పోయిందట," తమ్ముడు తలెత్తకుండా అన్నాడు. "నేను ముందే చెప్పాను. నా మాట ఎవరికి పట్టింది?"

"వదినా, షాపువాడు మూత కూడా విప్పలేదని మీ తమ్ముడికి చెప్పండి."

"అక్కా, రోజంతా అవే చూసేవాడికి మూత విప్పక్కర్లేదని ఆవిడకి చెప్పు."

"నేనేమైనా టపా మోసేదాన్నా?" అన్నాను. చెప్పులు విడిచి, చేతిలో ఉన్న సంచి గోడకి ఆనించాను. "ఎదురెదురుగా ఉన్నారు. మీరే చెప్పుకోండి."

ఇద్దరూ నా వైపే చూశారు.

ఆ ల్యాప్‌టాప్ మా పెద్ద తమ్ముడిది. వాడు అలమరలు, అరలు, బల్లలు గీసేవాడు. గీసింది వడ్రంగి మేస్త్రి తన వర్క్‌షాపులో చెక్కలో దించేవాడు. వాడు పోయేనాటికి పిల్లల గ్రంథాలయం ఒకటి సగంలో ఉంది. గోడ వెంట వంపు తిరిగే అరలు, పిల్లలు దూరి కూర్చోగల గూళ్ళు. మిగతా సగం మరదలు గీసింది. ఎవరూ నేర్పలేదు. వాడి పక్కన కూర్చుని చూసినదీ, ఆ తరువాత ఒంటరిగా కూర్చుని తప్పులు చేసుకుంటూ తెలుసుకున్నదీ, అంతే. బొమ్మలు బాగుంటే వర్క్‌షాపులో వాడు కూర్చుని గీసే బల్ల ఆమెకే ఇస్తానని మేస్త్రి మాటిచ్చాడు. రేపు పొద్దున్నే చెక్క కోతకి పెడతాడు. బొమ్మలు ఈ రోజే వెళ్ళాలి.

"షాపులో ఏం జరిగిందో పూర్తిగా చెప్పు," అన్నాను మరదలితో.

"ఏం జరగలేదు వదినా. అదే జరిగింది." ఆమె గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే బాగుండుననిపించింది. "నేను చెప్పబోతే, 'మీరు కూర్చోండి మేడం, సార్‌ని చెప్పనివ్వండి' అన్నాడు. సార్ చెప్పారు. బోర్డు కాలిందేమో అని సారే అన్నారు. వాడు తలూపాడు. 'రెండు కార్డులుండే వాటికి ఇదే రోగం, కొత్తది తీసుకోండి' అన్నాడు. అయిపోయింది."

"నేనేం తప్పు చెప్పాను?"

"తప్పో ఒప్పో తెలియకుండా చెప్పావు."

"మీకు అన్నీ తెలుసు మరి."

"తెలియదు. అందుకే చూద్దామంటున్నాను."

ఆమె సంచి జిప్పు లాగింది. చీటీ తెంపి బల్ల మీద పడేసింది.

"ఇప్పుడేం చూస్తారు? తెరంతా చీకటేగా!" అన్నాడు తమ్ముడు. ఫోను జేబులో పెట్టుకుని రెండడుగులు ముందుకు వచ్చాడు. "ఎన్నిసార్లు ఆన్ చేస్తారు? మిగిలింది కూడా కాలిపోతుంది."

ఆమె బటన్ నొక్కింది. తెర మధ్యలో కంపెనీ గుర్తు తెల్లగా వెలిగింది. దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. అంతలో అంతా నల్లగా అయిపోయింది. లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు మాత్రం సన్నగా వస్తూనే ఉంది.

"వదినా, మీరేం చూశారు?"

"గుర్తు కనబడింది. తరువాత ఆరిపోయింది."

"తెర పోతే గుర్తు ఎట్లా కనబడుతుంది? బోర్డు పోతే అంతవరకూ ఎట్లా వస్తుంది?"

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు తెర వైపు చూస్తున్నాడు.

"బుధవారం నుంచీ ఇదే మొత్తుకుంటున్నాను," అంది ఆమె. "ఇదే మాట ఆ షాపువాడి ముందు మొదలుపెట్టాను. పూర్తి చెయ్యనివ్వలేదు. వాడా, నువ్వా అంటే చెప్పలేను."

అమ్మ మడతపెట్టిన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. "పోనీలేవే అమ్మాయ్. పోయిన వస్తువు కోసం ఇంట్లో ఇంత గొడవెందుకు?"

"పోలేదు అత్తయ్యా. అదే చెబుతున్నాను. టీవీ కాసేపు కావాలి."

"దాన్ని కూడా పాడుచేస్తావా?"

"చెయ్యను."

టీవీ వెనక నుంచి వైరు లాగి ల్యాప్‌టాప్ పక్కనున్న రంధ్రంలో గుచ్చింది. టీవీలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. రిమోట్ నొక్కగానే ఆ తిట్లు ఆగిపోయి, గోడంత తెర నీలంగా మారింది. దాని మీద మా తమ్ముడి ఫైళ్ళు వాడు పేర్చుకున్న వరుసలోనే ఉన్నాయి.

అమ్మ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

"ఇందాకటిదాకా చచ్చిపోయిందన్నారు," అన్నాను.

"ఇందులో తెరకి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డులు రెండు వదినా." ఆమె నాకు చెబుతున్నట్టే చెప్పింది గానీ, మాటలు ఎటు వెళుతున్నాయో గదిలో అందరికీ తెలుసు. "చిన్నది ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. మామూలు పనులకి అది చాలు. పెద్దది విడిగా ఉంటుంది, బరువు పనికి లేస్తుంది. లోపలి తెరకి బొమ్మ పంపేది చిన్నది. ఈ పక్క రంధ్రం పెద్దదానికి కలిపి ఉంది. టీవీలో బొమ్మ వచ్చిందంటే పెద్దది బాగానే ఉంది. చిన్నదే పలకడం లేదు."

"చిన్నది కాలిపోయిందన్నమాట," అన్నాడు తమ్ముడు వెంటనే.

"చూద్దాం."

డివైజ్ మేనేజర్ తెరిచింది. లోపలి భాగాల పొడుగాటి జాబితాలో డిస్‌ప్లే అన్నచోట నొక్కితే రెండు పేర్లు వచ్చాయి. టీవీలో అక్షరాలు అరచేతంత ఉన్నాయి. మొదటి పేరు పక్కన కిందికి తిరిగిన చిన్న బాణం.

ఆమె టీవీ దగ్గరికి వెళ్ళి దాని మీద వేలు పెట్టింది.

"పాడైతే పసుపు త్రికోణం వస్తుంది," అంది. "ఇది బాణం. ఎవరైనా చేత్తో ఆపితేనే వస్తుంది."

"అప్‌డేట్ ఏదో వచ్చుంటుంది."

"అప్‌డేట్ వల్ల ఇట్లా ఆగదు. ఆపేముందు ఇది అడుగుతుంది, నిజంగా ఆపమంటారా అని. అవునని నొక్కాలి."

"రెండున్నప్పుడు ఒకటి ఆపితే ఏమైందే?" అంది అమ్మ. "రెండు లైట్లు వెలుగుతుంటే నేను ఒకటి ఆపనూ?"

ఇంకో రోజైతే నవ్వేవాళ్ళం. ఎవరూ నవ్వలేదు.

మరదలు ఆ పేరు మీద నొక్కి, ఎనేబుల్ అన్నది ఎంచుకుంది. టీవీ ఒకసారి రెప్ప వేసినట్టు ఆరి వెలిగింది. దాంతోపాటే బల్ల మీద ల్యాప్‌టాప్ తెర కూడా వెలిగింది.

పని అయిపోయిందనుకున్నాను నేను. ఆమె అప్పటికే గీసే ప్రోగ్రామ్ తెరుస్తోంది. గ్రంథాలయం గోడ వచ్చింది, మౌసు కదిపితే ముక్కలు ముక్కలుగా కదిలింది, ఆగింది, ప్రోగ్రామ్ దానంతటది మూసుకుపోయింది.

"సోమవారం నుంచి ఇదే వరస," అంది. "ఏ వంపు తిప్పినా పడిపోతోంది. నేనే ఏదో బరువు ఎక్కువ పెట్టాననుకున్నాను. రెండు రోజులు కూర్చుని గూళ్ళన్నీ విప్పి మళ్ళీ గీశాను. నాకు చేతకాదేమో అనుకున్నాను వదినా. ఆయన చేస్తే నడిచింది, నేను చేస్తే నడవడం లేదంటే ఇంకేమనుకోను?"

సెట్టింగులలో గ్రాఫిక్స్ అన్న పేజీ తెరిచింది. ఏ ప్రోగ్రామ్ ఏ కార్డు మీద నడవాలో అక్కడ ఉంటుందట. గీసే ప్రోగ్రామ్ పేరు ఎదురుగా 'పవర్ సేవింగ్', అంటే చిన్న కార్డు, అని ఉంది.

"ఇది కూడా దానంతటదే మారిందా?"

తమ్ముడు మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నిన్నే అడుగుతున్నాను. పెద్ద కార్డు మీద నడవాల్సిన దాన్ని చిన్నదాని నెత్తిన పెట్టారు. తరువాత ఆ చిన్నదాన్నే ఆపేశారు. ఇది ఒక్క రోజు చేసిన పని కాదు. బుధవారం మధ్యాహ్నం నేను వర్క్‌షాపులో ఉన్నాను. వదిన బడిలో ఉన్నారు. అత్తయ్యకి మౌసు పట్టుకోవడం రాదు."

"నేనే అంటే అనండి!"

"అనాల్సిన పని లేదు."

"అవును, నేనే!" వాడి గొంతు గోడకి కొట్టుకుంది. "నేనే ఆపాను. ఏం చేస్తారు? ఆ చప్పుడు ఆపుదామని ఆపాను."

"ఏ చప్పుడు?"

"ల్యాప్‌టాప్‌లో ఫ్యాను చప్పుడు. మీ గది గోడకి ఇవతల పడుకునేది నేను. మీకేం తెలుసు?" వాడు వేలు ఆమె వైపు చూపించబోయి గోడ వైపు తిప్పాడు. "మీరు అది మొదలుపెట్టగానే ఫ్యాను లేస్తుంది. అది వింటే అన్నయ్య కూర్చున్నట్టే ఉంటుంది. నేను లేచి వెళ్ళి తలుపు తోస్తాను, పడుకోరా ఇంక అందామని. చూస్తే మీరుంటారు. ఎన్నిసార్లు తోశాను తలుపు? మీరు అడిగారు కూడా, ఏం కావాలి అని. ఏం చెప్పను?"



"మొదట ఆ సెట్టింగు మార్చాను. సగం తగ్గింది. పెద్ద కార్డు ఆపేస్తే మొత్తం పోతుందని ఎక్కడో చదివాను. రెండు పేర్లున్నాయి. ఏది పెద్దదో నాకేం తెలుసు? ఒకదాని మీద నొక్కాను. తెర పోయింది. భయమేసింది."

ఆ చప్పుడు నాకూ తెలుసు. గోడ అవతలి గది కాకపోయినా తెలుసు. అది లేచినప్పుడల్లా నేను దిద్దుతున్న కాగితం మీద కలం ఆపుకుని కూర్చునేదాన్ని. కానీ నేను ఆ మాట అనలేదు. అంటే వాడికి సాయం చేసినట్టవుతుంది.

అమ్మ తువ్వాలు ముఖానికి పెట్టుకుంది.

మరదలు ఏడవలేదు. ఆమె ముఖంలో ఏదో మెత్తబడింది, నేను చూశాను. మరుక్షణమే గట్టిపడింది.

"తలుపు తోసినప్పుడు చెప్పొచ్చుగా," అంది. "ఈ చప్పుడు వినలేకపోతున్నాను వదినా అని ఒక్క ముక్క చెబితే వంటగదిలో పెట్టుకునేదాన్ని. మేడ మీద పెట్టుకునేదాన్ని. నేనేమన్నా రాయినా?"

"చెప్పలేకపోయాను."

"సరే, చెప్పలేకపోయావు. ఆపావు. భయపడ్డావు. అంతవరకూ ఒప్పుకుంటాను. తరువాత? నన్ను వెంటబెట్టుకుని షాపుకి తీసుకెళ్ళావు. ఏం చేశావో తెలిసి కూడా బోర్డు కాలిందని వాడి నోట్లో పెట్టావు. వాడు నన్ను కూర్చోమంటే పక్కన నిలబడి తలూపావు. అది కూడా చప్పుడు ఆపడానికేనా?"



ఆమె సెట్టింగు మార్చింది. ప్రోగ్రామ్ మళ్ళీ తెరిచింది. ఈసారి గోడ నీళ్ళలా తిరిగింది. వంపు అరలు, గూళ్ళు, గూళ్ళలో పిల్లల కోసం గీసిన చిన్న దిండ్లు. అమ్మ తువ్వాలు దించి టీవీలో దాన్ని చూసింది.

"ఇవి ఆయన గీయలేదు," అంది మరదలు. "ఈ వైపంతా నాది."

తరువాత ఫోను తీసి మేస్త్రికి కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. ఎందుకు స్పీకరు పెట్టిందో నాకు తెలియదు. అందరూ వినాలనుకుందేమో.

"మేస్త్రిగారూ, యంత్రం బాగయింది. కాసేపట్లో బొమ్మలు పంపుతాను. ఎత్తులు కూడా రాసి పెట్టాను."

అటువైపు రంపం చప్పుడు దూరమైంది. ఆయన బయటికి నడిచినట్టున్నాడు.

"ఏం బొమ్మలమ్మా?"

"గ్రంథాలయానివి."

"అదేంటమ్మా, నిన్న మీ మరిది ఫోన్ చేశాడు కదా. ఇంక మీ వల్ల కాదన్నారని, నెలాఖరుకి పుట్టింటికి వెళ్ళిపోతున్నారని. మీరే చెప్పమన్నారన్నాడు. నేను ఇంకొకాయనకి అప్పజెప్పాను. ఆయన మామూలు చదరపు అరలు గీసిచ్చాడు. పొద్దున్నే కోత."

మరదలు తమ్ముడి వైపు తిరగలేదు. ఫోను వైపే చూస్తూ మాట్లాడింది.

"నేను ఎక్కడికీ వెళ్ళడం లేదండీ. ఎవరినీ చెప్పమనలేదు."

"అయ్యో. మరి నేనెవరి మాట పట్టుకోవాలమ్మా? ఇంటి మనిషి చెబితే కాదనుకుంటానా? ఇప్పుడు మీరొకటంటారు. రేపు కోత మొదలెట్టాక మీ మరిదొచ్చి ఇంకొకటంటే?" ఆయన గొంతులో కోపం లేదు, విసుగుంది. "మీ వారితో పనిచేసినవాణ్ణి, మీ ఇంట్లో తగాదాలో నన్ను నిలబెట్టకండి. ఆ మాట చెప్పినాయన చేతే వెనక్కి తీసుకోమనండి. రాత్రి పడుకునే లోపల చెబితే ఇంకొకాయనకి నేనే నచ్చచెప్పుకుంటాను. చెప్పకపోతే చదరపు అరలే."

"ఆ బల్ల?"

"బల్ల కూడా ఆ కొత్తాయనకేనమ్మా. పని ఎవరిదైతే బల్ల వాళ్ళది."

ఫోను పెట్టేశాడు.

నాకు కోపం రావడం తక్కువ. వస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. "ఏరా," అన్నాను. "ఏరా ఇది?"

"వెళతారనే అనుకున్నాను అక్కా. అందరూ అదే అనుకున్నారు."

"అందరూ అంటే ఎవరు?"

వాడు అమ్మ వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

అమ్మ బట్టల దొంతర పక్కకి జరిపింది. "నేనే అన్నానే," అంది. "ఆ పిల్ల ఇక్కడ ఎన్నాళ్ళుంటుంది, వాళ్ళవాళ్ళ దగ్గరికి వెళితే కాస్త కుదుటపడుతుంది అన్నాను. ఫోన్ చెయ్యమనలేదు."

"నాతో అనలేదే అత్తయ్యా," అంది మరదలు.

"నీతో ఎట్లా అనను?"

"వాడితో ఎట్లా అన్నారో అట్లాగే."

అమ్మ బట్టల దొంతర మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. మా నాన్న పోయినప్పుడు కూడా అమ్మ మాట అంత త్వరగా ఆగిపోలేదు.

మరదలు తన ఫోను తీసుకెళ్ళి తమ్ముడి ముందు, కిటికీ గట్టు మీద పెట్టింది.

"చెయ్యి."

"ఏమని చెయ్యను? అబద్ధం చెప్పానని చెప్పనా?"

"అవును. అదే."

"ఆయన ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? రోజూ ఆ దారినే కదా నేను వెళ్ళేది."

"నేను ఆ లోపలికే వెళ్ళాలి. నిన్నటి నుంచీ అక్కడ అందరి దృష్టిలో నేను సగంలో వదిలేసి పోయినదాన్ని. నాకు తెలియకుండానే అయ్యాను. నువ్వు కనీసం తెలిసి చెడ్డవాడివవుతావు."

"అక్కా, నువ్వు చెయ్యి. నీ మాట ఆయన వింటాడు. టీచరుగారంటే గౌరవం."

నేను ఫోను అందుకోవడానికి చెయ్యి చాచాను. నిజమే, నా మాట వింటాడు. రెండు వాక్యాల పని.

"వద్దు వదినా." మరదలు నా చెయ్యి పట్టుకోలేదు, అడ్డం కూడా రాలేదు. "మీరు చేస్తే పని దొరుకుతుందేమో. ఇంకో నెలకి ఇంకో మాట పుడుతుంది. అప్పుడూ మీరే చేస్తారా? నా గురించి చెప్పిన నోరు అదే. తిప్పాల్సిందీ అదే."

నా చెయ్యి వెనక్కి వచ్చింది.

"నువ్వు కూడా ఆవిడ వైపేనా?" అన్నాడు తమ్ముడు నాతో.

"వైపులు తరువాత చూసుకుందాం. ముందు ఫోను చెయ్యి."

"అన్నయ్య ఉంటే నన్ను ఇట్లా నిలబెట్టేవాడు కాదు."

మరదలు అప్పుడు వాడి కళ్ళలోకి చూసింది, బుధవారం తరువాత మొదటిసారి.

"ఆయన ఉంటే నువ్వు ఆ గదిలోకి వెళ్ళి ఆ యంత్రం మీద చెయ్యి వేసేవాడివే కాదు," అంది. "ఆయన వస్తువంటే భయం నీకు. నా వస్తువంటే లేదు. అదే నా కోపం. చప్పుడు గురించి కాదు."

ఆమె వైరు పీకింది. టీవీ ఖాళీ అయిపోయింది. ల్యాప్‌టాప్ రెండు చేతులా ఎత్తుకుని వంటగదిలోకి వెళ్ళి, గట్టు మీద గిన్నెలు జరిపి అక్కడ పెట్టుకుంది. వాడి గదికి అది ఇంట్లోకెల్లా దూరం. తలుపు దగ్గరగా వేసుకుంది.

తమ్ముడు కిటికీ దగ్గరే ఉన్నాడు. ఒకసారి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తెర వెలిగింది, మేస్త్రి పేరు పైనే ఉంది. బొటనవేలు దాని మీదికి వెళ్ళింది. తరువాత ఫోను బోర్లా పెట్టి, చెప్పులేసుకుని మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

"వెళ్ళి చెప్పవే వాడికి," అంది అమ్మ నాతో.

"చెప్పాను కదమ్మా."

"ఇంకోసారి చెప్పు."

నేను వెళ్ళలేదు. బయట వీధి దీపాలు వెలిగాయి. వర్క్‌షాపు షట్టరు దించే వేళయింది. మేస్త్రి భోజనం చేసి తొందరగా పడుకునే మనిషి.

వంటగది తలుపు సందులోంచి చూశాను, మరదలు మొదటి బొమ్మ పూర్తిచేసి రెండోది మొదలుపెట్టింది. మేస్త్రికి ఇంకా ఎవరూ ఫోన్ చెయ్యలేదు.